వీధి నుంచి తెచ్చుకున్న కుక్క పోయాక దాన్ని గుర్తుపెట్టుకోవడం ఎలా: మొదటి గంట నుంచి సంవత్సరీకం దాకా

మా సీనుగాడికి మూడు పేర్లు. మల్కాజిగిరిలో వాడు తిరిగిన సందులో టీ కొట్టు బాబాయ్ పెట్టిన పేరు కర్రోడు, అంటే నల్లోడు. బండి గుద్ది ముందు కాలు విరిగితే ఎత్తుకెళ్లి కట్టు కట్టించి, రెండు నెలలు తన గదిలో ఉంచుకుని సాకిన అమ్మాయి దత్తత కాగితం మీద రాసింది బ్రూనో అని. మా ఇంటికొచ్చిన మూడో రోజు మా అమ్మ ఎందుకో 'ఒరేయ్ సీనూ' అంటే తోక ఊపాడు, ఇక అదే ఖాయమైపోయింది. తొమ్మిదేళ్లు మాతో ఉండి కిడ్నీలు పాడైపోయి వెళ్లిపోయాడు. పోయిన వారానికి వాడి గురించి ఒక నోటుబుక్కులో రాద్దామని కూర్చుంటే మొదటి లైన్లోనే పెన్ను ఆగిపోయింది. పుట్టిన తేదీ తెలీదు, తల్లి ఏదో తెలీదు, వయసు కూడా డాక్టర్ గారు పళ్లు చూసి 'మూడేళ్లుండొచ్చు' అన్న మాటే తప్ప ఇంకేం లేదు.

కొనుక్కొచ్చిన కుక్కపిల్లకైతే మొదటి రోజు నుంచీ ఫొటోలుంటాయి. మనం తెచ్చుకున్నవాటి కథలో సగం మన దగ్గర ఉండదు, టీ కొట్టులోనో, ఇస్త్రీ బండి దగ్గరో, మనకి పరిచయం లేని ఎవరి ఫోన్లోనో పడి ఉంటుంది. అందుకని ఇందులో ఎక్కువ భాగం ఆ సగాన్ని ఎలా ఏరుకోవాలో చెప్తాను. పాదముద్ర, బూడిద, ఫొటోల సంగతి కూడా చెప్తాను, వాటిలో కొన్నింటికి టైమ్ చాలా తక్కువ ఉంటుంది కాబట్టి వాటితోనే మొదలుపెడదాం.

1. మొదటి మూడు గంటలు

ఇంట్లోనే పోతే, ఒళ్లు బిగుసుకోకముందే సరిగ్గా పడుకోబెట్టండి. రెండు మూడు గంటల్లో కాళ్లు బిగుసుకోవడం మొదలవుతుంది, తర్వాత వంచడం కష్టం. రోజూ ఎలా ముడుచుకుని పడుకునేదో అలాగే ముడిచి పెట్టండి. కళ్లు మూసినా మళ్లీ తెరుచుకుంటాయి, కంగారు పడకండి. ఒళ్లు వదులై మూత్రం, మలం బయటికి రావచ్చు, కింద న్యూస్ పేపర్లు, వాటి మీద పాత తువ్వాలు వేయండి. ఏసీ ఉంటే ఆ గదిలో ఉంచండి, లేకపోతే ఐసు కవర్లని గుడ్డలో చుట్టి పొట్ట పక్కన పెట్టండి. మన ఎండాకాలంలో ఎంత ఐసు పెట్టినా అదే రోజు సాగనంపడం మంచిది, ఊరి నుంచి అన్నయ్య రావాలి, బాబు హాస్టల్ నుంచి రావాలి అని రెండు రోజులు ఆపొద్దు.

ఈ లోపల చేయాల్సినవి రెండే. మొదటిది, మెడ దగ్గరో తోక దగ్గరో కొంచెం బొచ్చు కత్తిరించి కాగితం కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పట్టి వాసన వస్తుంది. కవర్ మీద తేదీ రాయండి, రాయకపోతే ఏడాది తర్వాత అది దేని కవరో మీకే గుర్తుండదు (మా ఇంట్లో అలాంటిది ఒకటుంది, మా చిన్నమ్మాయి మొదటి జుట్టో, మా ఇంకో కుక్క మల్లిదో తేలడం లేదు).

రెండోది పాదముద్ర. అన్నిటికంటే తేలిక స్టాంప్ ప్యాడ్ ఇంకు. పాదం తుడిచి, వేళ్ల మధ్య బొచ్చు కత్తిరించి, ప్యాడ్‌కి అద్ది మందపాటి కాగితం మీద నొక్కండి, ఒక్కటి కాదు పది తీయండి, ఏడో ఎనిమిదో ముద్ర బాగా పడుతుంది. అచ్చు కావాలంటే వినాయక చవితికి తెచ్చుకునే బంకమట్టి మంచిది. మట్టిని రెండు అంగుళాల మందాన పరిచి పాదం గట్టిగా నొక్కి తీసి, ఆ గుంటలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి పోయండి, గట్టిపడ్డాక మట్టి వలిచేస్తే పాదం బయటికొస్తుంది. తడి ప్లాస్టర్‌లో నేరుగా పాదం పెట్టొద్దు, బొచ్చు అందులో ఇరుక్కుపోతుంది, పైగా గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది, కాబట్టి బతికున్న ముసలి కుక్కకైతే అస్సలు చేయొద్దు. రెండు గిన్నెల మైదాకి ఒక గిన్నె ఉప్పు కలిపి ముద్ద చేసే పద్ధతి కూడా ఉంది, కానీ వానాకాలం వచ్చిందంటే ఉప్పు చెమ్మ లాగి ముద్ర మెత్తబడుతుంది, పైగా ఇంకో కుక్క దాన్ని తింటే అంత ఉప్పు ప్రాణం మీదికి వస్తుంది. నేనైతే మట్టికే ఓటేస్తాను.

ఇంట్లో ఇంకో కుక్క ఉంటే ఒకసారి దగ్గరికి రానివ్వండి, వాసన చూడనివ్వండి. మల్లి వచ్చి సీనుగాడి చెవి వాసన చూసి, వెళ్లి గుమ్మం దగ్గర పడుకుంది. పిల్లలకి 'నిద్రపోయాడు', 'ఊరెళ్లాడు' అని చెప్పొద్దు. నిద్రపోయాడంటే వాళ్లు నిద్రకి భయపడతారు, ఊరెళ్లాడంటే ఎప్పుడొస్తాడని రోజూ అడుగుతారు. చచ్చిపోయాడనే చెప్పండి, మీరు ఏడిస్తే చూడనివ్వండి.

రెండు సందర్భాల్లో మాత్రం పైదేదీ వర్తించదు. రేబిస్ అనుమానం ఉంటే శరీరాన్ని ముట్టుకోవద్దు, మున్సిపాలిటీకీ పశువుల డాక్టరుకీ చెప్పండి, కరిచినా నోటి తడి తగిలినా మీరు అదే రోజు టీకాకి వెళ్లండి. పార్వో (కుక్కలకి ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే వైరస్ జబ్బు) వచ్చి పోతే బొచ్చు, పరుపు ఏదీ దాచొద్దు, ఎందుకో కింద చెప్తాను.

2. ఎక్కడ సాగనంపాలి

సొంత స్థలం ఉంటే మూడు నాలుగు అడుగుల లోతు తవ్వండి. బావికీ బోరుకీ దూరంగా ఉండాలి. నూలు గుడ్డలో చుట్టండి, వాడికి అలవాటైన పాత చీరో లుంగీయో అయితే మరీ మంచిది, ప్లాస్టిక్ సంచి మాత్రం వద్దు. మట్టి కప్పాక పైన బరువైన బండ పెట్టండి, లేకపోతే రాత్రికి పందులో వేరే కుక్కలో తవ్వేస్తాయి. డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి బాధ లేకుండా పంపించి ఉంటే ఆ మందు శరీరంలోనే ఉంటుంది, దాన్ని పీక్కుతిన్న జంతువులు కూడా చచ్చిపోవచ్చు. అలాంటప్పుడు ఇంకా లోతుగా పూడ్చాలి, దహనం అయితే ఇంకా మంచిది.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు రాత్రి పూట చెరువు గట్టుకో పార్కుకో తీసుకెళ్లి దొంగతనంగా పూడ్చడం నాకు తెలుసు, తప్పుపట్టను, కానీ అక్కడ రేపు ఏ వాకింగ్ ట్రాకో వేస్తే మీ గుర్తు పోయినట్టే. హైదరాబాద్‌లో నాగోలు వైపు ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది. మీ ఊళ్లో ఉందో లేదో మున్సిపాలిటీ వెటర్నరీ విభాగానికి ఫోన్ చేస్తే చెప్తారు. ఎక్కడికెళ్లినా ముందే అడగాల్సిన ప్రశ్న ఒకటే: 'మాదాన్ని ఒక్కదాన్నే చేస్తారా, మిగతావాటితో కలిపి చేస్తారా?' కలిపి చేస్తే వచ్చిన బూడిద మీ కుక్కది కాదు. నాకు తెలిసినాయన ఒకరు ఈ ప్రశ్న అడగకుండా బూడిద తెచ్చుకుని, ఆర్నెల్ల తర్వాత సంగతి తెలిసి ఇప్పటికీ బాధపడతాడు.

బూడిద ఎంతో రాదు, ఇరవై అయిదు కిలోల కుక్కకి సుమారు కిలో, అంతకంటే తక్కువే కూడా. దాన్ని మొత్తం ఒకే మొక్క మొదట్లో పోస్తే ఆ మొక్క చచ్చిపోతుంది, బూడిదలో ఉప్పూ క్షారమూ ఎక్కువ. పిడికెడు బూడిదకి పెద్ద బకెట్ మట్టి కలిపి వాడండి. గోదావరిలోనో కృష్ణలోనో కలపాలనుకుంటే కుండతో సహా, పూలదండ దారంతో సహా విసరకుండా, బూడిద ఒక్కటే వదలండి.

3. వాడి మొదటి సగం ఏరుకోవడం

నా లెక్కలో ఇదే అసలు పని. పోయిన నెలలోపల చేయండి. టీ కొట్లు ఎత్తేస్తారు, వాచ్‌మన్లు మారిపోతారు, ఫోన్లు పోతాయి.

ముందు ఇంట్లో ఉన్న కాగితాలు తీయండి: టీకాల కార్డు, ఆపరేషన్ సర్టిఫికెట్, దత్తత ఫారం. మీరు వెళ్లే క్లినిక్‌లో అడిగితే పాత ఎక్స్‌రేలు, రక్త పరీక్షలు, ఏ తేదీన ఎంత బరువుందో ఇస్తారు. సీనుగాడు వచ్చినప్పుడు పదమూడు కిలోలు, రెండేళ్లకి ఇరవై ఒకటి. ఆ రెండు అంకెలు చూసి మా అమ్మ ఏడ్చినంతగా ఏ ఫొటో చూసీ ఏడవలేదు.

తర్వాత ఒంటి మీద ఉన్న గుర్తులు రాయండి. మచ్చలు, విరిగిన పన్ను, ఎక్స్‌రేలో కనబడ్డ పాత దెబ్బలు. మావాడికి యాక్సిడెంట్ అయ్యేనాటికే ఒక చెవి కొస కత్తిరించి ఉంది. వీధి కుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, మళ్లీ అదే సందులో వదిలేటప్పుడు గుర్తుకోసం చెవి అలా కత్తిరిస్తారు. అంటే మాకంటే ముందు, ఆ కాలు విరగకముందే, ఎవరో వాడిని పట్టి, వ్యాను ఎక్కించి, ఆపరేషన్ చేయించి, తిరిగి తెచ్చి దింపారు. తొమ్మిదేళ్లు ఆ చెవి నిమిరాను గానీ దాని వెనక ఒక మనిషి ఉందని పోయాకే తట్టింది.

భయాలు కూడా రాయండి. చీపురు ఎత్తితే మంచం కిందికి దూరేవాడా, హెల్మెట్ పెట్టుకున్నవాళ్లని చూసి మొరిగేవాడా, ఆటో శబ్దం వింటే గేటు దగ్గరికి పరిగెత్తేవాడా? అవన్నీ పాత జీవితం నుంచి తెచ్చుకున్నవే, అన్నిటికీ కారణం దొరకదు, దొరికితే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు మనుషుల దగ్గరికి. మొదట, మీకు అప్పగించినవాళ్లకి చెప్పండి, హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ లాంటి పెద్ద సంస్థ అయినా, ఒంటరిగా రోడ్ల మీద తిరిగి కుక్కల్ని ఎత్తుకొచ్చే అమ్మాయి అయినా. చాలామంది మొహమాటపడతారు, 'సరిగ్గా చూసుకోలేదు అనుకుంటారేమో' అని. అనుకోరు. వాళ్లకి వచ్చే ఫోన్లలో ఎక్కువ 'తిరిగి తీసుకెళ్లండి' అనేవే, తొమ్మిదేళ్లు సోఫా మీద పడుకుని పోయాడని చెప్పే ఫోను అరుదు. మెసేజ్‌లో రెండు మూడు మంచి ఫొటోలు పెట్టి, వాళ్ల దగ్గరున్న పాతవి పంపమని అడగండి, మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గిపోతుంది. ఆ అమ్మాయి నాకు పదకొండు పంపింది, అందులో ఒకటి కాలికి పచ్చకట్టుతో బకెట్‌లో తల దూర్చి నీళ్లు తాగుతున్నది. మావాడు మా ఇంట్లో కూడా గిన్నెలో నీళ్లు వదిలేసి బాత్రూమ్ బకెట్‌లోనే తాగేవాడు, మేమేమో తొమ్మిదేళ్లు తిట్టాం.

తర్వాత ఆ సందుకి వెళ్లండి. ఫోన్‌లో ఫొటో పెట్టుకుని, పొద్దున్నే, టీ కొట్టు రద్దీ తగ్గే టైమ్‌కి. 'ఈ కుక్క మీకు తెలుసా' అని మొదలుపెడితే కంప్లెయింటు ఇవ్వడానికి వచ్చారనుకుంటారు, కాబట్టి ముందు టీ తాగండి, తర్వాత 'బాబాయ్, వీడు మా ఇంట్లో ఉన్నాడు, మొన్న పోయాడు' అని చెప్పండి. ఆయన ఫొటోని కళ్లజోడు పైకెత్తి చూసి, 'మా కర్రోడా? వీడు ఉస్మానియా బిస్కెట్ తప్ప వేరేది ముట్టేవాడు కాదు' అన్నాడు. ఇస్త్రీ బండి, వాచ్‌మన్, పొద్దున్నే ముగ్గేసే ఆంటీ, చికెన్ షాపు, చెత్త బండివాళ్లు, వీళ్లందరినీ అడగండి. కొందరు వేరే కుక్క గురించి చెప్తారు, వినండి. ఇద్దరు విడివిడిగా ఒకే మాట చెప్తే పెన్నుతో రాసుకోండి, ఒక్కరే చెప్తే పెన్సిల్‌తో రాయండి. రికార్డు చేయాలనిపిస్తే అడిగి చేయండి.

ఏమీ దొరకకపోవచ్చు కూడా. హైవే పక్కన గోనెసంచిలో దొరికిన పిల్ల గురించి ఎవరిని అడుగుతాం? అప్పుడు దొరికిన చోటు, ఆ రోజు వాన పడిందా ఎండ కాసిందా, ఎవరు చూశారు, ఏ బండిలో తెచ్చారు, ఇంటికొచ్చాక మొదట ఏం తింది, ఇవే మొదటి పేజీ.

4. నోటుబుక్కు, రాయి

గట్టి అట్ట ఉన్న రూళ్ల పుస్తకం చాలు, ఖరీదైనది కొంటే పాడుచేస్తామని భయపడి రాయరు. మొదటి నాలుగు పేజీలు ఖాళీగా వదిలేయండి, తర్వాత దొరికేవాటికి. ఆపైన వరసగా రాయాలని పట్టుపట్టకండి. ఒక్కో పేజీకి ఒక్కో పని: వాడు తిన్న చెప్పులు, కరిచిన మనుషులు (ఉంటే నిజం రాయండి, మావాడు గ్యాస్ బండబ్బాయిని రెండుసార్లు కరవబోయాడు), రాత్రి ఎక్కడ పడుకునేవాడు, ఏ పేరుకి ఎలా తిరిగి చూసేవాడు. పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలని మనకి అలవాటు, దానివల్ల రెండేళ్లకి అన్ని కుక్కలూ ఒకే కుక్క అయిపోతాయి. దొంగతనంగా పెరుగు గిన్నె నాకిన రోజు రాస్తేనే అది మీ కుక్క.

రాయి పెట్టాలనుకునేవాళ్లకి ఒక పాత సంగతి. కర్ణాటకలో మండ్య వైపు ఆతకూరులో క్రీ.శ. 949-50 నాటి వీరగల్లు (వీరుల గుర్తుగా నిలిపే రాయి) ఉండేది, ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. రాజు ఏం కావాలో కోరుకోమంటే ఒక యోధుడు కాళి అనే వేటకుక్కని అడిగి తీసుకున్నాడు. ఆ కుక్క పెద్ద అడవిపందితో కలబడి, రెండూ చచ్చిపోయాయి. అతను గుడి ముందు రాయి నిలిపి, పైన కుక్కా పందీ పోట్లాడుతున్న బొమ్మ చెక్కించి, ఈ సంగతి రాయించాడు. వెయ్యేళ్ల తర్వాత కూడా మనకి ఆ కుక్క పేరు తెలుసు, చేసిన పని తెలుసు. మీరు రాయించేటప్పుడు కూడా అంతే, పేరు, చోటు, చేసిన పని ఒక్కటి. 'ప్రేమకు ప్రతిరూపం' లాంటివి ఎవరి రాయి మీదైనా అతుకుతాయి. మా రాయి మీద 'సీను, కర్రోడు. కరెంటు పోతే మెట్ల మీద కూర్చుని అందరూ ఇంటికి చేరేదాకా లెక్క చూసుకున్నవాడు' అని ఉంటుంది. ఉంటుంది అన్నానంటే ఇంకా చెక్కించలేదు, షాబాదు బండ ముక్క మాత్రం తెచ్చి బాల్కనీలో పెట్టాను, మా ఆయన రోజూ దానికి కాలు తగిలించుకుంటున్నాడు.

5. ఫొటోలు, గొంతు

గూగుల్ ఫొటోస్‌లో డాగ్ అని వెతికితే మీకే గుర్తులేనివి బయటపడతాయి. అసలైన నిధి వీడియోల వెనక ఉంటుంది: పుట్టినరోజు కేక్ కోస్తున్న వీడియోలో వెనకాల మొరుగుడు, వంటింట్లో అమ్మ తిడుతుంటే గోళ్లు టకటకలాడిన చప్పుడు. ఆ చప్పుడు ఉన్న వీడియోలన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి ఫోన్‌లో కాకుండా ఇంకో రెండు చోట్ల పెట్టండి. చుట్టాలని కూడా అడగండి, పెళ్లిళ్లకి వచ్చినప్పుడు తీసుకున్న సెల్ఫీల మూలల్లో వాడు ఉంటాడు. నల్ల కుక్కల ఫొటోలు ముద్దలా పడతాయి, ప్రింట్‌కి ఇచ్చేముందు నీడ భాగం కొంచెం వెలుగు పెంచమని స్టూడియోలో చెప్పండి. ఇరవై ఫొటోలు కాగితం మీద ఉంటే ఆరు వేలు ఫోన్‌లో ఉన్నదానికంటే నయం.

6. గొలుసు, గిన్నె, పరుపు

తొందరపడొద్దు, కానీ పార్వోతో పోతే మాత్రం తొందరపడాలి. ఆ వైరస్ ఇంట్లో నెలల తరబడి, ఏడాది దాకా కూడా బతుకుతుంది. పరుపు, గుడ్డలు పారేయండి లేదా కాల్చేయండి, స్టీలు గిన్నెలు, నేల ఒక వంతు బ్లీచ్‌కి ముప్పై వంతుల నీళ్లు కలిపి కడగండి, టీకాలన్నీ పడని పిల్లని ఆ ఇంటికి తీసుకురావద్దు. 'గుర్తుగా' ఆ పరుపు షెల్టర్‌కి దానం చేస్తే ఇంకో పది పిల్లల ప్రాణం తీసినట్టవుతుంది.

మిగతావాళ్లు ఒక్క వస్తువు దాచుకుని మిగతావి ఇచ్చేయండి. తోలు పట్టీకి వానాకాలంలో బూజు పడుతుంది, ఎండలో ఆరబెట్టి, వేపాకు వేసి, గుడ్డసంచిలో పెట్టండి. తెరవని మందులు, డేట్ ఉన్న డ్రిప్పు సీసాలు క్లినిక్‌కి ఇస్తే ఇంకెవరికైనా పనికొస్తాయి, తెరిచినవి సింక్‌లో పోయొద్దు. మున్సిపాలిటీ లైసెన్సు ఉంటే రద్దు చేయించండి.

7. సంవత్సరీకం

పుట్టినరోజు లేదు కాబట్టి రెండు తేదీలు ఎంచుకోండి: ఇంటికొచ్చిన రోజు, వెళ్లిపోయిన రోజు. మేము వచ్చిన రోజే చేస్తాం, పోయిన రోజు ఎవరం మాట్లాడుకోం.

'కుక్కకి తద్దినం ఏంటే' అనే పెద్దమ్మ ప్రతి ఇంట్లో ఉంటుంది. వాదించకండి. స్వర్గం గుమ్మం దాకా వెళ్లి కుక్క లేకుండా లోపలికి రానన్న ధర్మరాజు గురించి ఆవిడకి మనకంటే బాగా తెలుసు, గోడ మీద దత్తాత్రేయుడి పటం ఉంటే ఆయన పాదాల దగ్గర నాలుగు కుక్కలు కూడా ఉంటాయి. మా పెద్దమ్మ ఆ రోజంతా సణిగి, సాయంత్రం పెరుగన్నం తనే కలిపింది, 'ఉప్పెక్కువ వెయ్యకు' అని నన్ను కసిరింది.

ఆ రోజు వీధి కుక్కలకి అన్నం పెడితే ఉల్లి, వెల్లుల్లి, మసాలా వేయొద్దు, ఉడికించిన ఎముకలు వద్దు, అవి విరిగి గొంతులో గుచ్చుకుంటాయి. ఎవరి గేటు ముందో పెట్టి గొడవ తెచ్చుకోకండి, 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కాలనీలో పెట్టే చోటు ముందే అనుకోవాలి. ఒక్క పూట అన్నం కంటే ఆ సందులో ఉన్న కుక్కలకి రేబిస్ టీకాలు వేయించడం, ఆపరేషన్ కాని ఆడ కుక్కకి ఆపరేషన్ చేయించడం, రాత్రి బండ్ల వెలుగుకి మెరిసే రేడియం పట్టీలు కట్టడం ఎక్కువ పనిచేస్తాయి. మేము టీ కొట్టు పక్కన సిమెంటు తొట్టి పెట్టించాం. పెట్టడం తేలిక, రోజూ నీళ్లు మార్చడమే పని, లేకపోతే దోమలు పుట్టి కాలనీవాళ్లు తొట్టి ఎత్తేస్తారు. ఎవరు మారుస్తారో ముందే అనుకుని అప్పుడు కొనండి. మా తొట్టికి బాబాయ్ మారుస్తాడు, ఆదివారాలు నేను వెళ్తాను.

మొన్న ఆదివారం అలా వెళ్తే ఇస్త్రీ బండి ఆవిడ, ఏడాదిగా నన్ను చూస్తూ కూడా పలకరించనావిడ, 'ఆ నల్లోడికి ఒక చెల్లె ఉండేది, ఎర్రది, దాన్ని ఎవరో వరంగల్ తీస్కపోయిండ్రు' అంది. రెండో పేజీలో పెన్సిల్‌తో రాశాను. ఇంకెవరైనా అదే మాట చెప్తే పెన్నుతో దిద్దుతాను.